రాత్రి వచ్చి పోయిన ఆ నొప్పి గురించి ముందు మాట్లాడదాం

ఒక తమ్ముడు పెద్ద ఉత్తరం రాశాడు, కొంచెం కుదించి పెడుతున్నా.

"నాకు 21 ఏళ్లు. అంగం తల అంచు చుట్టూ వరసగా చిన్న చిన్న తెల్ల పొక్కులు ఉన్నాయి. రెండేళ్లుగా అలాగే ఉన్నాయి, పెరగట్లేదు పోవట్లేదు. నాకు ఎవరితోనూ సంబంధం లేదు, అయినా సుఖవ్యాధేమో అని భయంతో నిద్ర పట్టట్లేదు. ఎడమ బీజం కుడిదానికంటే కిందకి ఉంటుంది, దాని పైన నరాలు ఉబ్బినట్టు చేతికి తగులుతాయి. గజ్జల్లో దురదకి షాపులో క్రీమ్ అడిగి తెచ్చుకుని వాడుతున్నా, రాస్తే తగ్గుద్ది, ఆపితే మళ్లీ మొదలు. ముందు చర్మం మామూలప్పుడు వెనక్కి వస్తుంది గానీ గట్టిపడినప్పుడు రాదు. సైజు కూడా తక్కువేమో అని డౌట్. ఇంకోటి, పోయిన నెలలో ఒక రాత్రి ఎడమ బీజంలో భరించలేనంత నొప్పితో మెలకువ వచ్చింది, వాంతి కూడా అయింది, ఒక గంటకి దానంతట అదే తగ్గిపోయింది. అంతకుముందు కూడా ఒకసారి ఇలాగే అయింది. అది పర్లేదు కదా? ఇంట్లో చెప్పలేను."

తమ్ముడూ, నువ్వు రాసిన ఉత్తరంలో ఆ పొక్కుల గురించే పేజీన్నర ఉంది, నొప్పి గురించి చివర్లో రెండు లైన్లు. నేను మాత్రం ఆ రెండు లైన్ల దగ్గరే మొదలుపెడతా, ఎందుకంటే నువ్వు రాసిన అన్నిట్లో తొందరపడాల్సింది అదొక్కటే. మిగతావన్నీ నెమ్మదిగా చూసుకోవచ్చు, కొన్నిటికైతే అసలు వైద్యమే అక్కర్లేదు.

బీజం అంటే వృషణం, అది సంచిలో ఊరికే పడి ఉండదు, పైనుంచి ఒక కట్ట లాంటిదానికి వేలాడుతూ ఉంటుంది. ఆ కట్టలోనే రక్తం తెచ్చే ధమని, రక్తం వెనక్కి తీసుకెళ్లే సిరలు, నరాలు, వీర్యకణాలు వెళ్లే గొట్టం అన్నీ ఉంటాయి. మామూలుగా వృషణం వెనక వైపు సంచి గోడకి అంటుకుని ఉంటుంది కాబట్టి పెద్దగా తిరగదు. కొంతమందికి పుట్టుకతోనే ఆ అతుకు సరిగ్గా ఉండదు, అలాంటివాళ్లలో వృషణం ఒక్కసారిగా తన చుట్టూ తాను తిరిగిపోయి ఆ కట్ట మెలి పడుతుంది. దీన్ని టెస్టిక్యులర్ టార్షన్ అంటారు. మెలి పడగానే ముందు సిరలు మూసుకుపోతాయి, రక్తం బయటికి పోలేక వాపు వస్తుంది, తర్వాత ధమని కూడా మూసుకుపోతుంది, ఇంక అక్కణ్ణుంచి రక్తం అందక వృషణం చచ్చిపోవడం మొదలవుతుంది. 6 గంటల్లోపు మెలి విప్పితే పదిలో తొమ్మిది కేసుల్లో దాన్ని కాపాడొచ్చు, 12 గంటలు దాటితే ఆ అవకాశం బాగా పడిపోతుంది, ఒక రోజు దాటాక దక్కడం చాలా అరుదు, చాలాసార్లు తీసెయ్యాల్సి వస్తుంది. 12 నుంచి 18 ఏళ్ల మధ్య ఎక్కువ, 25 లోపు చాలావరకు, కానీ ఏ వయసులోనైనా రావచ్చు. ఆటలాడాక రావచ్చు, దెబ్బ తగిలి రావచ్చు, ఏ కారణం లేకుండా మంచి నిద్రలో కూడా రావచ్చు, నిద్రలోంచి నొప్పితో లేచిన అబ్బాయిలు చాలామందే ఉంటారు.

నీకు వచ్చిన నొప్పి ఒక గంటకి తగ్గిపోయింది కాబట్టి పర్లేదు అనుకుంటున్నావు. కానీ మెలి పడి దానంతట అదే విడిపోవడం కూడా జరుగుతుంది. సడన్‌గా మొదలవడం, ఒక పక్కే, వాంతి, మళ్లీ సడన్‌గా పోవడం, అదీ ఒకటి కంటే ఎక్కువసార్లు... ఈ లెక్కంతా దానికే సరిపోతుంది. ఇలా వచ్చి పోతూ ఉండేవాళ్లకి ఏదో ఒక రోజు విడిపోకుండా ఆగిపోయే ప్రమాదం ఉంటుంది, భయపెట్టడానికి చెప్పట్లేదు, నిజంగానే దీనికి ముందే చేయించుకునే చిన్న ఆపరేషన్ ఉంది కాబట్టి చెప్తున్నా. సంచి మీద చిన్న కోత పెట్టి వృషణాన్ని లోపల గోడకి రెండు మూడు కుట్లతో కదలకుండా కుడతారు, ఆ అతుకు లోపం సాధారణంగా రెండు వైపులా ఉంటుంది కాబట్టి రెండోదాన్ని కూడా అప్పుడే కుట్టేస్తారు. మామూలుగా అదే రోజు లేదా మర్నాడు ఇంటికి పంపేస్తారు. అంగస్తంభన మీద గానీ కోరిక మీద గానీ దాని ప్రభావం ఏమీ ఉండదు.

ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకో. నొప్పి లేనప్పుడు నువ్వు డాక్టర్ దగ్గరికి వెళ్తే పరీక్షలో అంతా మామూలుగానే ఉండొచ్చు, స్కాన్‌లో కూడా రక్తప్రసరణ బానే ఉంది అని రావచ్చు, ఎందుకంటే అప్పటికి మెలి విడిపోయి ఉంటుంది కదా. కాబట్టి నార్మల్ అని రిపోర్టు చేతిలో పెడితే సరే అని వచ్చెయ్యకు. ఇక్కడ రోగాన్ని పట్టించేది స్కాన్ కంటే నువ్వు చెప్పే కథే, ఏ టైమ్‌కి మొదలైంది, ఎంతసేపు ఉంది, వాంతి అయిందా, బీజం పైకి లాగేసినట్టు అనిపించిందా, ఎన్నిసార్లు అయింది, ఇవన్నీ వివరంగా చెప్పాలి. యూరాలజిస్ట్‌నే (మూత్రం, మగవాళ్ల జననేంద్రియాల సమస్యలు చూసే డాక్టర్) కలువు, ఈ వారంలోనే.

ఈలోపు మళ్లీ ఆ నొప్పి వస్తే గంట చూద్దాం, తెల్లారాక చూద్దాం అనుకోకు. పెయిన్ కిల్లర్ వేసుకుని పడుకోకు. చిన్న క్లినిక్కి కాదు, ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లు. ఏమీ తినకుండా తాగకుండా వెళ్లు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. అక్కడ కడుపునొప్పి అని చెప్పకు, చాలామంది కుర్రాళ్లు సిగ్గుపడి కడుపునొప్పి అని చెప్తారు, వాళ్లు గ్యాస్‌కి మందిస్తారు, ఆ గంటల్లోనే అంతా అయిపోతుంది. "సడన్‌గా ఎడమ వృషణంలో నొప్పి, ఇన్ని గంటలైంది, ఇంతకుముందు రెండుసార్లు వచ్చి పోయింది, టార్షనేమో చూడండి" అని సూటిగా చెప్పు. దారిలో నొప్పి తగ్గిపోయినా సరే వెనక్కి రాకు, వెళ్లి చూపించుకునే రా.

వాంతి ఎందుకు అవుతుంది అని నీకు అనిపించి ఉంటుంది. మనం అమ్మ కడుపులో ఉన్నప్పుడు వృషణాలు మొదట తయారయ్యేది కింద కాదు, పొట్టలో కిడ్నీల దగ్గర. పుట్టే సమయానికి కిందకి దిగుతాయి, దిగేటప్పుడు తమ రక్తనాళాల్ని నరాల్ని వెంట తెచ్చుకుంటాయి. అందుకే అక్కడ దెబ్బ తగిలితే పొట్టలో తిప్పేస్తుంది, వాంతి వస్తుంది. ఇదే కారణంగా తిరగేసి కూడా జరుగుతుంది, కిడ్నీలోంచి జారిన రాయి నొప్పి నడుము పక్కన మొదలై గజ్జ మీదుగా బీజం దాకా పాకుతుంది, అప్పుడూ వాంతులవుతాయి, కానీ బీజాన్ని ముట్టుకుంటే అంత నొప్పి ఉండదు. డాక్టర్ ఆ కోణం కూడా చూస్తారు. ఇన్ఫెక్షన్ వల్ల వచ్చే నొప్పి వేరేగా ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో నెమ్మదిగా పెరుగుతుంది, జ్వరం, మూత్రంలో మంట ఉండొచ్చు, గంటలో మాయమైపోదు.

ఎడమది కిందకి ఉండడం సంగతి. చాలామంది మగవాళ్లకి ఎడమదే కొంచెం కిందకి ఉంటుంది, అది లోపం కాదు. పైన ఉబ్బినట్టు తగిలేవి వృషణం నుంచి రక్తం వెనక్కి తీసుకెళ్లే సిరలు అయ్యుండొచ్చు, అవి ఉబ్బితే వేరికోసిల్ అంటారు, చేత్తో పట్టుకుంటే సంచిలో వానపాములు ఉన్నట్టు ఉంటుంది. వందలో సుమారు 15 మంది మగవాళ్లకి ఇది ఉంటుంది, దాదాపు ఎప్పుడూ ఎడమ వైపే. ఎందుకంటే కుడి సిర నేరుగా పొట్టలోని పెద్ద సిరలో ఏటవాలుగా కలిసిపోతుంది, ఎడమది మాత్రం ఇంకా పైకి వెళ్లి ఎడమ కిడ్నీ సిరలో నిటారుగా కలవాలి, దారి పొడుగు, లోపల కవాటాలు సరిగ్గా పని చెయ్యకపోతే రక్తం కిందకి జారి నిలిచిపోతుంది. నిలబడినప్పుడు ఉబ్బుతుంది, పడుకుంటే తగ్గిపోతుంది. నువ్వే చూసుకో, పడుకున్నాక అవి మెత్తబడిపోతే చాలావరకు అదే. పడుకున్నా తగ్గకపోతే, లేదా కుడి వైపు మాత్రమే వస్తే, లేదా పెద్దయ్యాక ఉన్నట్టుండి వస్తే మాత్రం పైన పొట్టలో ఏదైనా ఆ సిరని నొక్కుతోందేమో అని స్కాన్ చేయించాలి.

పిల్లలు పుట్టరా అని నువ్వు అడగలేదు గానీ నెట్‌లో చదివి భయపడే ఉంటావు. వీర్యకణాలు బాగా తయారవ్వాలంటే వృషణాలు ఒంటి వేడికంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలి, అందుకే అవి బయట సంచిలో ఉంటాయి, చలికి సంచి ముడుచుకుని పైకి లాక్కుంటుంది, వేడికి వదులై కిందకి జారుతుంది. సిరల్లో రక్తం నిలిస్తే ఆ చల్లదనం కొంచెం తగ్గొచ్చు, పిల్లలు కలగట్లేదని వచ్చే మగవాళ్లలో మూడో వంతు మందికి పైగా వేరికోసిల్ కనపడుతుంది. కానీ వేరికోసిల్ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి మామూలుగానే పిల్లలు పుడతారు. నొప్పి, లాగుడు ఉంటేనో, ఆ వైపు వృషణం చిన్నదైపోతుంటేనో, పిల్లల కోసం ప్రయత్నించినా కలగక వీర్య పరీక్షలో తేడా వస్తేనో అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు, చేశాక కూడా ఫలితం వెంటనే కనపడదు, ఒక వీర్యకణం తయారవడానికే రెండు నెలలకి పైగా పడుతుంది మరి. ఎలాగూ యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్తున్నావు కాబట్టి ఇది కూడా చూపించు, వేరే విజిట్ అక్కర్లేదు.

ఎలాగూ చేత్తో చూసుకోవడం నీకు అలవాటైంది కాబట్టి సరిగ్గా ఎలా చూసుకోవాలో కూడా చెప్తా. వేణ్ణీళ్ల స్నానం అయ్యాక సంచి వదులుగా ఉన్నప్పుడు ఒక్కో వృషణాన్ని బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య మెల్లగా తిప్పుతూ చూడు. ఉపరితలం నున్నగా, కొంచెం గట్టిగా, మొత్తం ఒకేలా ఉండాలి. వెనక వైపు మెత్తగా పొడుగ్గా ఒక తీగ లాంటిది తగులుతుంది, చాలామంది దాన్ని గడ్డ అనుకుని హడలిపోతారు, అది ఎపిడిడైమిస్, చుట్టలు చుట్టుకున్న సన్నటి గొట్టం, సాగదీస్తే 6 మీటర్లు ఉంటుంది, వీర్యకణాలు ముదిరేది అందులోనే. అది ఉండాల్సిందే. ఉండకూడనిది ఏంటంటే వృషణం మీదే, దానికి అంటుకుని, గట్టిగా తగిలే గడ్డ, లేదా ఒక వైపు నొప్పి లేకుండా పెరిగిపోవడం, బరువెక్కడం. నొప్పి లేదు కదా అని ఊరుకుంటారు, అక్కడే పొరపాటు, వృషణాల క్యాన్సర్ ఎక్కువగా నొప్పి లేకుండానే వస్తుంది, అదీ 15 నుంచి 40 ఏళ్ల మధ్య కుర్రాళ్లకే. మొదట్లో పట్టుకుంటే వందలో 95 మందికి పైగా పూర్తిగా నయమైపోతుంది. చిన్నప్పుడు బీజం కిందకి దిగనివాళ్లకి ఈ రిస్క్ ఎక్కువ, ఆపరేషన్ చేసి దించినా సరే వాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. మెత్తగా నీళ్లు నిండినట్టు సంచి పెరిగితే అది వరిబీజం అయ్యుండొచ్చు, అది ప్రమాదం కాదు గానీ ఒకసారి స్కాన్ చేయించుకుంటే మంచిది, ఆ నీళ్ల వెనకాల ఇంకేదైనా దాక్కుని ఉందేమో తెలుస్తుంది.

ఇప్పుడు నీ పొక్కులు. తల అంచు చుట్టూ, ఒకటి రెండు వరసలుగా, అన్నీ ఒకే సైజులో, నున్నగా, రెండేళ్లుగా మార్పు లేకుండా. నువ్వు చెప్పిందంతా చూస్తే వాటిని పర్లీ పినైల్ పాప్యూల్స్ అంటారు, రోగం కాదు, చర్మం తయారైన తీరే అంత. యవ్వనంలో చాలామందికే ఉంటాయి, వయసు పెరిగే కొద్దీ అంతగా కనపడవు. ఒకరి నుంచి ఒకరికి అంటవు, శుభ్రంగా లేకపోవడం వల్ల రావు, హస్తప్రయోగం వల్ల రావు, ఏ క్రీముకీ పోవు, పోగొట్టాల్సిన అవసరమూ లేదు. గిల్లకు, యాసిడ్లు రాయకు, అలా చేసి పుండ్లు చేసుకుని వచ్చినవాళ్లని చూస్తే నాకు చాలా బాధేస్తుంది, ఏమీ లేనిదానికి నెలల తరబడి కుమిలిపోయి చివరికి నిజంగా గాయం చేసుకుంటారు. సుఖవ్యాధుల్లో వచ్చే పులిపిర్లు వేరు, అవి గరుగ్గా, ఒక్కోటి ఒక్కో సైజులో, ఎక్కడపడితే అక్కడ, వారాల్లో పెరుగుతూ కొత్తవి పుడుతూ ఉంటాయి, అవి హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తాయి. అంగం కాండం మీద, సంచి మీద పసుపు తెలుపు చుక్కలు కూడా కనపడితే కంగారుపడకు, అవి నూనె గ్రంథులు, పెదాల మీద కూడా ఉంటాయి. సంచి మధ్యలో ఉండే గీత కూడా పుట్టుకతో వచ్చేదే, రెండు సగాలు కలిసిన గుర్తు.

ఆ క్రీమ్ మాత్రం ఈరోజే ట్యూబు తిప్పి చదువు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి పేరు ఏదైనా ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. గజ్జల్లో దురద, అంచు ఎర్రగా గుండ్రంగా పాకుతుంటే చాలావరకు తామర, అది ఫంగస్. స్టెరాయిడ్ రాస్తే ఎరుపు దురద తగ్గుతాయి, ఫంగస్ మాత్రం హాయిగా పెరుగుతుంది, నువ్వు రాసిన "రాస్తే తగ్గుద్ది, ఆపితే మళ్లీ మొదలు" అదే ఇది. పైగా వృషణాల సంచి చర్మం చాలా పల్చన, ముంజేతి చర్మంతో పోలిస్తే అక్కడ స్టెరాయిడ్ సుమారు 40 రెట్లు ఎక్కువగా లోపలికి పోతుంది, నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పల్చబడి ఎర్రగా మండుతూ ఉండిపోతుంది, తొడల మీద చారలు పడితే అవి ఇక పోవు. దాన్ని ఆపి స్కిన్ డాక్టర్‌కి చూపించు, ఆపాక కొన్నాళ్లు ఎక్కువైనట్టు అనిపిస్తుంది, దానికి భయపడి మళ్లీ అదే రాయకు. తామరే అయితే క్లోట్రిమజోల్, టెర్బినఫిన్ లాంటి ఉత్త ఫంగస్ మందు చాలు, తగ్గినట్టు కనపడినా డాక్టర్ చెప్పినన్ని రోజులు పూర్తిగా రాయాలి. కాలి వేళ్ల మధ్య కూడా చూసుకో, అక్కడ పాసినట్టు తెల్లగా ఉంటే అదే ఫంగస్, డ్రాయర్ వేసుకునేటప్పుడు పాదాల నుంచి గజ్జల్లోకి చేరుతుంది, కాబట్టి రెండు చోట్లా మందు రాయాలి, ముందు సాక్స్ వేసుకుని తర్వాత డ్రాయర్ వేసుకో. ఒళ్లు పూర్తిగా ఆరాకే బట్టలు వెయ్యి.

ముందు చర్మం గట్టిపడినప్పుడు వెనక్కి రాకపోవడం కూడా కుర్రాళ్లలో ఉండేదే. లాగి లాగి బలవంతంగా వెనక్కి తెచ్చే ప్రయత్నం చెయ్యకు, చీలిన చోట మచ్చ కట్టి ఇంకా బిగుసుకుపోతుంది. దీనికి డాక్టర్లు కొద్దిగా స్టెరాయిడ్ క్రీమ్ ఇచ్చి నాలుగు నుంచి ఎనిమిది వారాలు రోజూ మెల్లగా సాగదీయమంటారు, చాలామందికి దానితోనే సరిపోతుంది (ఇందాకే స్టెరాయిడ్ వద్దన్నారు కదా అంటావేమో, అది ఫంగస్ మీద నెలల తరబడి ఇష్టమొచ్చినట్టు రాయడం గురించి, ఇది చిన్న చోట, లెక్కపెట్టిన వారాలు, డాక్టర్ కళ్ల ముందు). అంచు తెల్లగా బిరుసుగా మారుతుంటే అది వేరే చర్మవ్యాధి కావచ్చు, దానికి ఆలస్యం చెయ్యకూడదు. మాటిమాటికీ ఎర్రబడి పగుళ్లు వస్తుంటే షుగర్ టెస్ట్ చేయించుకో, కొంతమందికి షుగర్ బయటపడేదే ఇలా. స్నానంలో చర్మం వచ్చినంతవరకే వెనక్కి తీసి ఉత్త గోరువెచ్చటి నీళ్లతో కడుగు, సబ్బు వద్దు, లోపల తెల్లగా పేరుకునేది చీము కాదు, రాలిన చర్మమూ జిడ్డూ అంతే. కడిగాక మాత్రం చర్మాన్ని మళ్లీ ముందుకి తెచ్చెయ్యాలి. వెనక ఇరుక్కుని ముందుకి రాకపోతే తల వాచిపోతుంది, తలని చేత్తో కొన్ని నిమిషాలు మెల్లగా నొక్కి వాపు తగ్గించి చర్మాన్ని ముందుకి తెచ్చే ప్రయత్నం చెయ్యి, రాకపోతే అప్పుడే ఆసుపత్రికి వెళ్లు, ఇది కూడా తెల్లారేదాకా ఆగే విషయం కాదు.

సైజు గురించి ఒక్క మాట. 2015లో 15 వేల మందికి పైగా మగవాళ్ల కొలతలు కలిపి చూస్తే గట్టిపడినప్పుడు సగటు సుమారు 13 సెంటీమీటర్లు వచ్చింది, వీడియోల్లో చూసి అనుకునేదానికంటే చాలా తక్కువ. మామూలప్పుడు ఎంత ఉందనేది లెక్కలోకే రాదు, చలికి టెన్షన్‌కి ముడుచుకుంటుంది. పెంచుతామనే నూనెలకి మాత్రలకి డబ్బులు పెట్టకు.

ఇంట్లో చెప్పలేను అన్నావు. నీకు 21, నీ అంతట నువ్వు డాక్టర్‌ని కలవొచ్చు, ఎవరినీ తోడు తీసుకెళ్లాల్సిన పని లేదు, డాక్టర్‌కి చెప్పింది బయటికి చెప్పకూడదు, అది వాళ్ల వృత్తి నియమం. కానీ రాత్రి నొప్పి వస్తే నిన్ను బండెక్కించి తీసుకెళ్లే మనిషి ఒకళ్లు కావాలి, అన్నో స్నేహితుడో రూమ్‌మేటో, ఒక్కళ్లకైనా ఇవాళే చెప్పిపెట్టుకో, "నాకు ఇలాంటి నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి" అంటే చాలు, మిగతా కథంతా చెప్పక్కర్లేదు. రిసెప్షన్‌లో అందరి ముందూ చెప్పలేకపోతే "యూరాలజీ, పర్సనల్" అను, లోపలికెళ్లాక నోరు రాకపోతే కాగితం మీద రాసి ఇచ్చెయ్, మొదటి లైన్‌లో నొప్పి, ఎడమ వైపు, వాంతి, రెండుసార్లు, దాని కింద ఉబ్బిన సిరలు, తర్వాత ముందు చర్మం. పొక్కులు చివర్లో రాయి.